దుమ్ము భత్యమూ, పర్యావరణ శాస్త్రమూ

మన సంఘాలు నడిపే కార్యకర్తల శిక్షణ తరగతులలో వేతన ఒప్పందాలకు ఒక పూట, కార్మిక చట్టాలకు ఒక పూట, కరవు భత్యం లెక్కలకు ఒక పూట కేటాయించడం ఆనవాయితీ. ఉద్యమ చరిత్రకు ఒక సాయంత్రం తప్పక ఉంటుంది. పర్యావరణ శాస్త్రానికి మాత్రం ఒక గంట కూడా ఉండదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, అది పులులను గురించీ కొండలను గురించీ తీరికగలవారు మాట్లాడుకునే విషయమనో, లేక ఫ్యాక్టరీలు మూయించడానికి నగరాలలోని పెద్దమనుషులు కోర్టులకెక్కే వ్యాజ్యమనో మనలో పెక్కుమంది అభిప్రాయం. నేను కూడా చాలాకాలం ఆ అభిప్రాయంతోనే ఉన్నాను. నేను స్వయంగా సంతకం చేసిన ఒక ఒప్పందం ఆ అభిప్రాయాన్ని మార్చింది. దానిని గురించి వ్రాయక తప్పదు.

1999లో పలుగురాయిని పిండిచేసే ఒక కర్మాగారంలో మా సంఘం ఏర్పడింది. ఆ పిండి గాజు పరిశ్రమకూ, పింగాణీ పరిశ్రమకూ పోయేది. మిల్లు షెడ్డులో పదడుగుల దూరంలో నిలబడిన మనిషి పోలికలు తెలిసేవి కావు. కార్మికులు మా ముందు పెట్టిన మొదటి ఫిర్యాదు దుమ్మును గురించే. మేము దానిని కోర్కెల పత్రంలో నాలుగవ అంశంగా చేర్చాము. యాజమాన్యం మొదట కొట్టిపారవేసింది, తరువాత బేరానికి దిగింది. మూడు దఫాల చర్చల అనంతరం నెలకు నలభై ఐదు రూపాయల దుమ్ము భత్యమూ, షిఫ్టుకు ఒక బెల్లం ముక్కా ఇవ్వడానికి అంగీకరించింది. బెల్లం తింటే గొంతులోని దుమ్ము కడుపులోకి జారిపోతుందని అందరమూ నమ్మేవాళ్ళం. ఆ రాత్రి గేటు మీటింగులో దానిని విజయంగా ప్రకటించినది నేనే. దండలు కూడా వేశారు.

తొమ్మిదేళ్ళ తరువాత, ఆ మిల్లులో సంచులు నింపే పని చేసిన ఒక కార్మికుడు ఎక్స్‌రే ఫిల్ము చుట్టచుట్టి పట్టుకుని మా కార్యాలయానికి వచ్చాడు. నాకంటె ఐదారేళ్ళు చిన్నవాడు. వాకిలి ముందరి మూడు మెట్లెక్కి, ఊపిరి అందక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పటికే రెండుసార్లు క్షయకు మందులు వాడించారట, గుణం కనిపించలేదట. చివరకు ఒక డాక్టరు, ఏం పని చేసేవాడివని అడిగి, అది సిలికోసిస్ అని తేల్చాడు. "అన్నా, బెల్లం ఒక్కరోజు కూడా మానలేదు" అన్నాడతను. నాకు జవాబు దొరకలేదు. సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదనీ, దుమ్ములో పని మానివేసిన తరువాత కూడా ఊపిరితిత్తులు గట్టిపడుతూనే పోతాయనీ ఆ వారంలోనే నేను చదివి తెలుసుకున్నాను. అది రహస్యమైన విషయం కాదు. మన చర్చల బల్ల మీద లేకపోయింది, అంతే.

ఇప్పుడు వెనుదిరిగి చూస్తే ఆ ఒప్పందంలోని అసలు దోషం నలభై ఐదు రూపాయలు తక్కువ కావడం కాదని తోస్తుంది. భత్యం ఇచ్చిన తరువాత దుమ్ము తగ్గించవలసిన అవసరం యాజమాన్యానికి తీరిపోయింది. అంతకంటె చెప్పుకోవడానికి కష్టమైన సంగతి, ఆ అవసరం సంఘానికి కూడా తీరిపోయింది. దుమ్మును లాగివేసే గొట్టాలు అమర్చమని తరువాతి కోర్కెల పత్రంలో వ్రాద్దామంటే, దుమ్ము తగ్గితే భత్యం కోసివేస్తారేమో అని అడ్డుపడినవారు మన సభ్యులే. వారిని తప్పుపట్టలేము. దుమ్మును జీతంలో ఒక పద్దుగా మార్చినది మనమే. ఈనాటికీ వేడి భత్యం, మురికి భత్యం, యాసిడ్ భత్యం అనే పేర్లతో ఇలాంటి పద్దులు ఒప్పందాలలో కనిపిస్తూనే ఉన్నాయి. పర్యావరణ శాస్త్రంలోని ప్రాథమిక భావనలు నాలుగైదు తెలిసి ఉంటే ఆ ఒప్పందం మీద నేను ఆ విధంగా సంతకం చేసి ఉండేవాడిని కాను. ఆ భావనలు కార్మికునికి కొత్తవి కావనీ, అతని పనిలో రోజూ కనిపించేవేననీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది ఇల్లు అనే భావన. జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హేకెల్ 1866లో ఈ శాస్త్రానికి 'ఎకాలజీ' అని పేరు పెట్టినప్పుడు ఇల్లు అనే అర్థంగల గ్రీకు మాట 'ఓయికోస్' నుంచి దానిని తీసుకున్నాడు. మనం బాగా ఎరిగిన 'ఎకానమీ' కూడా ఆ మాట నుంచే పుట్టింది. ఒకటి ఇంటిని గురించిన జ్ఞానం, రెండవది ఇంటి నిర్వహణ. 1935లో ఆర్థర్ టాన్స్‌లీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మరొక అడుగు వేసి, జీవులనూ, వాటి చుట్టూ ఉన్న నేల, నీరు, గాలులనూ విడదీయకుండా ఒకే వ్యవస్థగా చూడాలన్నాడు. దానినే ఆవరణ వ్యవస్థ అంటున్నాము. చెరువు ఒక ఆవరణ వ్యవస్థ, అడవి ఒక ఆవరణ వ్యవస్థ. వ్యవస్థకు ఎల్లలు ఎక్కడ గీయాలన్నది పరిశీలించేవాని ప్రయోజనాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాక్టరీ ప్రహరీ గోడ ఆస్తికి ఎల్ల. గాలికీ నీటికీ అది ఎల్ల కాదు. లోపల ఉన్నది ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు చూసుకోవలసిన పని, బయట ఉన్నది కాలుష్య నియంత్రణ మండలి చూసుకోవలసిన పని అని ప్రభుత్వం పంచిపెట్టింది గాని, అదే దుమ్ము, అదే వాయువు రెండుచోట్లా తిరుగుతున్నది. కార్మికుడు షిఫ్టులో లోపల పీలుస్తాడు, అతని భార్యాబిడ్డలు గోడకు ఆవలి బస్తీలో మిగతా పూటంతా పీలుస్తారు.

రెండవది జమాఖర్చు. పదార్థం నశించదు, రూపం మారుతుంది, చోటు మారుతుంది. పద్దెనిమిదవ శతాబ్దంలో లావోయిజియే తక్కెడ పెట్టి నిరూపించిన ఈ సూత్రం బడిలో అందరమూ వల్లించినదే. దీనిని ఫ్యాక్టరీకి అన్వయించి చూడండి. గేటులోనికి వచ్చిన ముడిసరుకు ఎంతో స్టోర్సు రిజిస్టరులో ఉంటుంది. బయటకు పోయిన సరుకు ఎంతో డిస్పాచ్ రిజిస్టరులో ఉంటుంది. నిలువ ఎంతో లెక్క కట్టవచ్చు. జమలో నుంచి ఈ రెండింటినీ తీసివేస్తే మిగిలేది ఏదో ఒకచోట ఉండి తీరాలి. చిమ్నీలో నుంచి పోయిందా, కాలువలో కలిసిందా, వెనుక దొడ్డిలో పాతిపెట్టారా, మనుషుల ఒంటిలో చేరిందా అన్నదే ప్రశ్న. యాజమాన్యం దానిని 'తరుగు' అని ఒక్క మాటతో కొట్టివేస్తుంది. బంగారం పనివాడు తరుగును ఒప్పుకోడు, అంగడి నేల ఊడ్చి ఆ మట్టిని కూడా కడుగుతాడు. రసాయన పరిశ్రమలో తరుగు ఎవరి ఖాతాలో పడుతున్నదో అడగడానికి డాక్టరేటు అక్కరలేదు. స్టోర్సులో పనిచేసే గుమస్తా ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఆ లెక్క తేల్చగలడు. మన సంఘాలు లాభనష్టాల పట్టీ చదవడం నేర్చుకున్నాయి, బోనస్ లెక్కలు తేల్చడం నేర్చుకున్నాయి. ఈ పట్టీ చదవడం అంతకంటె కష్టం కాదు.

మూడవది మోతాదు. విషమూ మందూ అన్న భేదం పరిమాణంలోనే ఉన్నదని పదహారవ శతాబ్దపు వైద్యుడు పారాసెల్సస్ చెప్పాడు. దుమ్ము విషయంలో పరిమాణంతోపాటు రేణువు సైజు కూడా ప్రధానం. మన కంటికి కనిపించి, గొంతులో గరగరలాడే దుమ్ము చాలావరకు ముక్కులోనూ గొంతులోనూ చిక్కుకుని చీమిడితోనో, కఫంతోనో బయటకు వచ్చేస్తుంది. తల వెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు. అందులో పదో వంతుకు కూడా తక్కువగా ఉండే రేణువులు కంటికి ఆనవు, అవే ఊపిరితిత్తుల చివర ఉన్న వాయుగోణుల దాకా పోయి కూర్చుంటాయి. షెడ్డులో దుమ్ము తగ్గినట్లు కనిపించినంత మాత్రాన ప్రమాదం తగ్గిందని అనుకోవడానికి వీలులేదు. గొంతు కడిగే బెల్లానికి వాయుగోణులలో చేసే పని ఏమీ లేదు.

ఫ్యాక్టరీల చట్టం రెండవ షెడ్యూలులో సిలికా దుమ్ముకు ఒక సూత్రం ఉండేది. ఊపిరితిత్తుల లోతుకు పోగల దుమ్ములో పలుగురాయి శాతానికి రెండు కలిపి, ఆ మొత్తంతో పదిని భాగించాలి. వచ్చినది ఒక ఘనపు మీటరు గాలిలో ఉండదగిన మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితి. దుమ్మంతా పలుగురాయే అయితే పదిని నూటరెండుతో భాగించాలి, అంటే దాదాపు 0.1 మిల్లీగ్రాము. అమెరికాలో 2016 నాటి నిబంధనలు ఈ పరిమితిని 0.05కు తగ్గించాయి. పనిచేసే మనిషి ఎనిమిది గంటలలో సుమారు పది ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే చట్టం అనుమతించిన గరిష్ఠ మోతాదు రోజుకు ఒక్క మిల్లీగ్రాము. చిటికెడు ఉప్పును కొన్ని వందల పాళ్ళు చేస్తే అందులో ఒక పాలు. నేను చూసిన షెడ్డులో గాలిని ఎవరూ కొలవలేదు. కొలవాలని మేమూ అడగలేదు.

ఈ లెక్కలో ఎనిమిది గంటలు అన్న మాటను గమనించాలి. గాలిలోని విషాలకు నిర్ణయించే పరిమితులు సాధారణంగా ఎనిమిది గంటల పనిదినాన్ని ఆధారం చేసుకుని, మిగిలిన పదహారు గంటలు శరీరం కోలుకుంటుందనే ఊహతో కట్టినవి. పన్నెండు గంటల షిఫ్టులో అదే గాలి పీల్చినవాడికి ఒకటిన్నర మోతాదు పడుతుంది, కోలుకునే వ్యవధి మాత్రం నాలుగు గంటలు తగ్గుతుంది. రెండు వైపులా నష్టం. కాబట్టి ఓవర్‌టైము కేవలం రెట్టింపు వేతనానికి సంబంధించిన విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రోజువారీ పనిగంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు మన సంఘాలు నిరసన తెలిపాయి. ఆ నిరసన పత్రాలలో అలసట ఉంది, కుటుంబ జీవితం ఉంది, వేతనం ఉంది. దుమ్మూ, ద్రావకాల ఆవిరీ ఉన్న పరిశ్రమలలో పరిమితులను కూడా పనిగంటలకు తగినట్లు తగ్గించాలన్న మాట నేను చూసిన ఏ పత్రంలోనూ లేదు. ఎనిమిది గంటల పనిదినం కోసం ప్రాణాలిచ్చిన ఉద్యమం మనది. ఆ డిమాండు వెనుక ఇంత శరీరశాస్త్రం ఉన్నదని మనమే మరచిపోయాము.

ఈ జ్ఞానమంతా ప్రయోగశాలల నుంచి వచ్చిందని కూడా అనుకోరాదు. ఇటలీలో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తివ్యాధులపై గ్రంథం ప్రకటించాడు. గనులలో, కుండల ఆవములలో, మరుగుదొడ్ల గోతులలో పనిచేసేవారిని కలుసుకుని, వారు చెప్పినది విని వ్రాశాడు. రోగిని వైద్యుడు అడిగే ప్రశ్నలకు అతడు ఒకటి చేర్చాడు: నీవు చేసే పని ఏమిటి? మూడు శతాబ్దాలు గడిచినా మన ఆసుపత్రులలో ఆ ప్రశ్న అడిగేవారు అరుదు, గనుకనే సిలికోసిస్ క్షయగా చీటీలకెక్కుతున్నది. దూది శుభ్రపరచే విభాగాలలో పనిచేసినవారిని అడగండి. వారపు సెలవు తరువాత మొదటిరోజున ఛాతీ బిగబట్టినట్లు ఉంటుందనీ, రెండు మూడు రోజులలో సర్దుకుంటుందనీ చెబుతారు. వైద్యులు బిసినోసిస్ అనే జబ్బుకు మొదటి గుర్తు సరిగ్గా అదే. కార్మికుడు దానిని ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టాడు. ఆ అనుభవాన్ని నమోదు చేసే పుస్తకం సంఘం దగ్గర లేకపోవడమే లోపం.

నాలుగవ భావనకు జపాన్ దాకా పోవాలి. క్యూషూ దీవిలో మినమాటా అనే సముద్రతీరపు పట్టణంలో చిస్సో కంపెనీ 1932 నుంచి 1968 వరకు అసిటాల్డిహైడ్ తయారుచేసింది. పాదరసం అందులో ఉత్ప్రేరకం. దాని శేషం మిథైల్ పాదరసంగా మారి వ్యర్థజలంతోపాటు అఖాతంలో కలిసింది. సముద్రం పెద్దది, కలిపినది కొద్దిపాటి, పలుచబడి పోతుందని కంపెనీ లెక్క. ప్రకృతి లెక్క వేరు. నీటిలోని విషాన్ని నాచు తీసుకుంటుంది, నాచును చిన్న ప్రాణులు తింటాయి, వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. ఒక్కొక్క మెట్టులో ఆ విషం బయటకు పోక కూడుతూ పోతుంది. పైమెట్టుకు చేరేసరికి నీటిలో ఉన్నదానికి లక్ష రెట్లకు మించి ఉంటుంది. దీనిని పాఠ్యపుస్తకాలు జైవిక వృద్ధీకరణం అంటాయి. మన భాషలో చక్రవడ్డీ అనవచ్చు. ఆ ఊరి పిల్లులు ముందు పిచ్చెత్తినట్లు తిరిగి చచ్చిపోయాయి, తరువాత జాలరుల పిల్లలకు కాళ్ళూ చేతులూ వంకరలు పోయాయి. 1956 మే 1న కంపెనీ ఆసుపత్రి వైద్యుడు హోసోకావా హాజిమే ఆధ్వర్యాన ఈ వ్యాధిని గురించి అధికారులకు మొదటి నివేదిక చేరింది. 1959లో ఆయన వ్యర్థజలం కలిపిన మేత పెట్టిన పిల్లికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని దాచివేసింది. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. అధికారికంగా గుర్తింపు పొందిన రోగులే రెండువేల రెండువందల మందికి పైగా.

ఇది చాలామందికి తెలిసిన కథ. అందులో మనకు సంబంధించిన భాగం అంతగా తెలియదు. 1959లో జాలరులు వ్యర్థజలాన్ని ఆపివేయాలని ఆందోళన చేసినప్పుడు, ఆపవద్దని కోరుతూ గవర్నరు దగ్గరకు వెళ్ళిన ఊరి సంఘాల జాబితాలో నగర పాలకులూ వర్తకులూ మాత్రమే కాదు, చిస్సో కార్మిక సంఘం కూడా ఉన్నది. ఫ్యాక్టరీ ఆగితే కూలి ఆగుతుందని వారి భయం. మూడేళ్ళకు అదే కంపెనీ ఆ కార్మికుల వేతనాల మీద దాడిచేసి, లాకౌటు ప్రకటించి, పోటీ సంఘాన్ని నిలబెట్టి, వారి ఐక్యతను చీల్చింది. జాలరులకు ఏమి జరిగిందో తమకు జరిగిన తరువాత వారికి అర్థమైంది. 1968 ఆగస్టులో పాత సంఘం ఒక తీర్మానం చేసింది. మినమాటా వ్యాధి విషయంలో ఇంతకాలం పోరాడకపోయినందుకు మనుషులుగా, కార్మికులుగా సిగ్గుపడుతున్నామని అందులో ప్రకటించుకుంది. జపాన్‌లో దానిని సిగ్గు తీర్మానమని పిలుస్తారు. తరువాత ఆ సంఘ సభ్యులు కోర్టులో రోగుల పక్షాన నిలిచి, ఏ కాలువలోనికి ఏమి వదిలారో సాక్ష్యం చెప్పారు. ఫ్యాక్టరీ లోపలి మనిషి చెప్పనిదే ఆ సంగతులు బయటపడేవి కావు. ప్రపంచ కార్మికోద్యమ చరిత్రలో విజయ తీర్మానాలు వేలున్నాయి. ఇటువంటి తీర్మానం మరొకటి ఉన్నదేమో నాకు తెలియదు. మన తరగతులలో దీనిని చదివి వినిపించాలని నా కోరిక.

మన గడపలోని ఉదాహరణ పటాన్‌చెరు. హైదరాబాదు శివార్లలోని ఆ పారిశ్రామికవాడ మురుగు ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీరలోనికీ, అక్కడి నుంచి గోదావరిలోనికీ పోయే దారిలో ఉన్నది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని పరీక్షించారు. సుమారు తొంభై మందుల కంపెనీల వ్యర్థజలం ఆ కేంద్రానికి వచ్చేది. శుద్ధి చేసిన తరువాతి నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటె అది ఎక్కువ. అటువంటి నీటిలో బలహీనమైన బాక్టీరియా చచ్చిపోయి, మందుకు లొంగనివి బతికి వృద్ధి చెందుతాయి. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణమే మన వాగులో కంపెనీ ఖర్చు లేకుండా జరుగుతున్నది. రేపు ఆ కార్మికుని బిడ్డకు జ్వరం వస్తే, తండ్రి చేతులతో తయారైన మందు పనిచేయకపోవచ్చు. ఆ ప్రాంతపు రైతులు దశాబ్దాలుగా కోర్టులలో పోరాడారు. పొలాలు పోగొట్టుకున్న రైతుకూ, ఆ కంపెనీలలో కాంట్రాక్టు కూలికి కుదిరిన రైతు కొడుకుకూ మధ్య ఒక సంఘం ఉండి ఉంటే ఆ పోరాటం వేరుగా సాగేది. అదే ప్రాంతంలో పాశమైలారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది దూరరాష్ట్రాల నుంచి బతుకుదెరువుకు వచ్చినవారు. వాగుకు విలువ ఇవ్వని చోట మనిషికి విలువ ఉంటుందని ఆశించడం అవివేకం.

భోపాల్ సంగతి వివరంగా చెప్పనక్కరలేదు గాని, ఒక్క అంశం మాత్రం గుర్తు చేస్తాను. 1984 డిసెంబరు 2–3 రాత్రి సుమారు నలభై టన్నుల మిథైల్ ఐసోసైనేట్ నగరం మీద విరుచుకుపడక ముందే, ఆ ఫ్యాక్టరీలో కార్మికులకు దాని రుచి తెలుసు. 1981 డిసెంబరులో ఫాస్జీన్ సోకి ఒక కార్మికుడు మరణించాడు. 1982లో అక్కడి సంఘం ప్రమాదాన్ని గురించి గోడపత్రాలు అంటించింది. ఊరు వినలేదు, ప్రభుత్వం వినలేదు. ఖర్చు తగ్గించడానికి సిబ్బందిని తగ్గించారు, ట్యాంకును చల్లబరచే యంత్రాన్ని ఆపివేశారు. గనిలో కెనరీ పిట్టను పంజరంలో పెట్టినట్లు కార్మికుని శరీరం ఊరికి ముందస్తు హెచ్చరిక. పిట్ట పడిపోయినప్పుడు మరొక పిట్టను తెచ్చి పెడుతున్నారు. ఆ విపత్తు తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలను గురించి కార్మికులకూ పరిసర ప్రజలకూ తెలియజేసే బాధ్యతను యాజమాన్యం మీద పెట్టారు. భద్రతా సంఘంలో కార్మికులకు సమాన స్థానం ఇచ్చారు, ముంచుకొచ్చే ప్రమాదాన్ని గురించి హెచ్చరించే హక్కును 41-హెచ్ సెక్షనులో వ్రాశారు. ఈ హక్కులు వ్రాయించడానికి వేల ప్రాణాలు పోయాయి, వాటిని వాడినవారిని మాత్రం వ్రేళ్ళ మీద లెక్కించవచ్చు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడు అమలులోకి వచ్చింది. వెల్లడి, హెచ్చరిక హక్కులను అందులో నిలిపారు గాని, విద్యుత్తు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్న నిర్వచనాన్ని ఇరవైకి పెంచారు. పలుగురాయి మిల్లులు ఎంతమందితో నడుస్తాయో తెలిసినవారికి ఈ అంకె అర్థమవుతుంది.

ఇక ఉద్యోగాల ప్రశ్న. దీనిని దాటవేసి పర్యావరణాన్ని గురించి మాట్లాడేవారిని నేను నమ్మను. 1996 జూలైలో సుప్రీంకోర్టు ఢిల్లీలోని 168 ప్రమాదకర పరిశ్రమలను ఆ ఏడాది నవంబరు 30 లోగా నగరంలో మూసివేయాలనీ, కావాలంటే వేరేచోటికి తరలించుకోవచ్చుననీ ఆదేశించింది. గాలి బాగుపడాలన్నది న్యాయమైన కోరికే. యజమానులకు భూమి మిగిలింది, నగరంలో భూమి విలువ ఏమిటో చెప్పనక్కరలేదు. కార్మికులకు పరిహారం కోసం మళ్ళీ పోరాడవలసిన పని మిగిలింది. ఆ వ్యాజ్యం సంవత్సరాల తరబడి నడుస్తున్నప్పుడు పర్యావరణవాదులకు కార్మికుడు గుర్తుకు రాలేదన్నది నిజం. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు అదే ఫ్యాక్టరీల పొగను గురించి సంఘాలు ఒక్క డిమాండు పెట్టలేదన్నది కూడా నిజం. మనం ఖాళీగా వదిలిన కుర్చీలో వేరొకరు కూర్చున్నారు.

అదే సంవత్సరం ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని బిచ్ఛడీ గ్రామం కేసులో, హెచ్-యాసిడ్ వ్యర్థాలతో బావులు పాడుచేసిన కంపెనీలే శుద్ధి ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాలుష్యం చేసినవాడే చెల్లించాలన్న సూత్రం మన న్యాయశాస్త్రంలో ఆ విధంగా స్థిరపడింది. ఆ చెల్లింపులో బావి ఉన్నది, పొలం ఉన్నది. ఫ్యాక్టరీ మూతపడిన రోజుల వేతనం, కొత్త పని నేర్చుకునే కాలపు జీతం, వ్యాధిగ్రస్తుని జీవితకాలపు వైద్యం కూడా అందులో చేరాలని పట్టుబట్టవలసినది మనం. పలుగురాయి దుమ్ముతో మరణించిన 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షలు ఇవ్వాలని 2016లో గుజరాత్ ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు ఆదేశించింది. గోధ్రా మిల్లులలో పనిచేసి మధ్యప్రదేశ్‌లోని స్వగ్రామాలకు తిరిగిపోయి చనిపోయిన ఆదివాసులు వారు. చెల్లించినది ప్రజల ఖజానా. దుమ్ము లేపినవారి ఖజానా కాదు. బొగ్గు గనుల భవిష్యత్తును గురించి, సింగరేణిలోనూ ఝార్ఖండులోనూ రేపు రాబోయే మార్పును గురించి వేరే వ్యాసం వ్రాయాలి, ఇక్కడ చోటు చాలదు.

ఒప్పందాల విషయంలో నా సూచన ఒకటే. మాస్కులు అడగడంతో మొదలుపెట్టవద్దు. ప్రమాదాన్ని అదుపు చేయడంలో ఒక వరుస ఉన్నది: విషాన్ని వాడకుండా చేయగలమా, తక్కువ హాని చేసే పదార్థాన్ని వాడగలమా, యంత్రాన్ని పెట్టె కట్టి మూసివేయగలమా, నీరు చల్లి దుమ్మును పుట్టినచోటే అణచగలమా, గొట్టాలతో లాగివేయగలమా. ఇవన్నీ అయిన తరువాత మిగిలిన కొద్దిదానికి మాస్కు. యాజమాన్యాలు ఈ వరుసను తలక్రిందులు చేసి మాస్కు ముందు ఇస్తాయి, అది చవుక గనుక, పెట్టుకోకపోతే తప్పు కార్మికునిపై మోపవచ్చు గనుక. మే నెలలో రేకుల షెడ్డు క్రింద ఎనిమిది గంటలు దళసరి మాస్కు పెట్టుకుని బస్తాలు మోసి చూడమని ఒక మేనేజరును అడిగాను. జవాబు చెప్పలేదు. అమలులో ఉన్న ప్రమాద భత్యాలను రద్దుచేయమని నేను అనడం లేదు. వాటిని మూలవేతనంలో కలిపివేయమని అడగాలి. అప్పుడు దుమ్ము తగ్గించమనడానికి మన సభ్యులకు భయం ఉండదు.

రాబోయే శిక్షణ తరగతుల కార్యక్రమం తయారుచేసే జిల్లా కమిటీలు ఈ విషయానికి ఒక పూర్తి పూట కేటాయించాలని కోరుతున్నాను. ఉపన్యాసకుడు దొరకలేదని వాయిదా వేయవద్దు. దగ్గరలోని కళాశాల రసాయనశాస్త్ర అధ్యాపకుడు చాలు. తరగతికి వచ్చే ప్రతి కార్యకర్తా తన విభాగంలో వాడే పదార్థాల పేర్లు, డ్రమ్ముల మీది గుర్తులతో సహా, ఒక కాగితం మీద వ్రాసి తీసుకురావాలి. గత ఐదేళ్ళలో ఉద్యోగం మానినవారు ఏ జబ్బుతో మానారో మరొక కాగితం మీద వ్రాయాలి. రెండు కాగితాలూ ప్రక్కప్రక్కన పెట్టి చర్చ మొదలుపెట్టవచ్చు. ఆ తరగతికి స్టోర్సు గుమస్తాలను కూడా తప్పక పిలవండి.